యవనుల గ్రంథములలో మన కృష్ణాతీరము



విశ్వవిద్యాలయమున గ్రీకు, లాటిను భాషలు చదువవలెనని నేను నిశ్చయించుకొన్నప్పుడు మా తాతగారు నన్ను దగ్గరకు పిలిచి, "నాయనా! అవి ఎన్నడో గతించిన కాలపు భాషలందురు గదా. వానివలన పొలము పండదు, కొలువు దొరకదు. కృష్ణయొడ్డున పుట్టినవాని కవి యెందుకు?" అని యడిగిరి. ఆనాడు నేను సరియైన యుత్తర మీయలేకపోతిని. ఆ యుత్తరమును నేడు మీకు విన్నవించెదను.

తాతగారి సందేహము నిర్హేతుకము కాదు. 1855లో లండనున జరిగిన సివిలు సర్వీసు పరీక్షలో గ్రీకునకు 750 మార్కులు, లాటినునకు 750 మార్కులు ఉండగా, సంస్కృతమునకు 375 మాత్రమే యుండెను. కావున అవి దొరల చదువులనియు, మనవి కావనియు మనవారికి తోచుట సహజమే.

అయినను ఆ చదువు మన పాఠశాలల తీరునకు దూరమైనది కాదు. శబ్దమంజరి వల్లించినట్లే అచ్చటను విభక్తులు వల్లింపవలయును. సంస్కృతమున 'పితృ', 'మాతృ' శబ్దము లెట్లో, గ్రీకున 'పతేర్', 'మేతేర్' అనునవియు, లాటినున 'పతెర్', 'మాతెర్' అనునవియు నట్లే. సంస్కృతమునందువలె గ్రీకునందును ద్వివచనము కలదు. ఈ మూడు భాషలును ఒక్క మూలమునుండి వెలువడి యుండవలెనని 1786లో సర్ విలియం జోన్సు కలకత్తాలో ప్రకటించెను. మన తెలుగు ఆ కుటుంబములోనిది కాదనియు, తమిళ కన్నడములకు తోబుట్టువనియు 1816లో ఎల్లిసు దొర నిరూపించెను.

చుట్టరికము లేకున్నను రాకపోకలు కలవు. జాతకము చూచు సిద్ధాంతిగారు పలుకు 'హోర', 'కేంద్రము' అనునవి గ్రీకునుండి వచ్చిన మాటలు. నాగార్జునకొండ శాసనములలో కనబడు 'దీనార' శబ్దము రోమనుల 'దేనారియుస్' అను నాణెపు పేరే.

ఇక మన సీమ సంగతి. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున పేరు తెలియని గ్రీకు వర్తకు డొకడు నావికులకు ఉపయోగపడునట్లు 'పెరిప్లుసు' అను దారిపుస్తకమును వ్రాసెను. అందు 'మసాలియా' అను తీరదేశమున సన్ననూలు బట్టలు విస్తారముగా నేయబడునని యున్నది. ఆ దేశము మన మచిలీపట్టణ ప్రాంతము. మన సాలెవారి పనితనమునకు విదేశీయు డిచ్చిన మిక్కిలి పాత సాక్ష్యములలో నిది యొకటి. ఆ శతాబ్దముననే ప్లినీ యను రోమను పండితుడు, ఏటేట అయిదు కోట్ల సెస్టెర్సులకు తక్కువ కాకుండ తమ ధనము హిందూదేశమునకు పోవుచున్నదని లాటినున వగచెను. ఆ ధనములో కొంత మనవైపునకును వచ్చినది. వినుకొండలోను, నాగార్జునకొండలోను రోమనుల బంగారు నాణెములు దొరకినవి.

రెండవ శతాబ్దమున అలెగ్జాండ్రియావాసి యగు టాలెమీ తన భూగోళగ్రంథమున 'మైసోలోస్' నదిని, 'కంటకోస్సిల' అను స్థలమును పేర్కొనెను. ఆ నది కృష్ణయే యని పలువురి మతము. గోదావరి యని కొందరందురు. కంటకోస్సిల మాత్రము మన దివిసీమ చేరువనున్న ఘంటసాల. టాలెమీ దానికి 'ఎంపోరియోన్' అను మాటను చేర్చెను. అది సాధారణముగా ఊరని చెప్పు మాట కాదు. పరదేశపు వర్తకులు వచ్చి క్రయవిక్రయములు చేయు రేవుపట్టణమని దాని యర్థము. అనువాదమున 'పట్టణము' అని చదివినచో ఈ భేదము జారిపోవును. ఆ తీరముననే సువర్ణభూమికి పోవు ఓడలు ఒడ్డును విడిచి నడిసముద్రమున ప్రవేశించు స్థానము కలదనియు ఆయన వ్రాసెను.

ఇది దూరమున కూర్చుండినవాడు విన్న కట్టుకథ యేమో యని మీరనవచ్చును. కాని నాగార్జునకొండ ప్రాకృత శాసనమున 'కంటకసేల' యను పేరు కలదు. ఘంటసాలలో దొరకిన శాసనమున శివకుడను 'మహానావికుని' పేరు కలదు. నేడు ఆ గ్రామము సముద్రమునకు దూరమున నున్నది. నది తెచ్చిన ఒండ్రుతో నేల ముందునకు పెరిగినది. ఒడ్డు తొలగిపోయినను, అచ్చటి శిల ఓడల పెద్దను మరువలేదు. గ్రీకు గ్రంథమును ప్రాకృత శిలయు ఒకదానిని తెలియకయే యొకటి ఒకే మాట చెప్పుచున్నవి. ఇద్దరు సాక్షులు వేరువేరుగా వచ్చి ఒకటే చెప్పినప్పుడు పెద్దమనుష్యులు నమ్మరా?

ఆ సాక్షులలో నొకరిని నిలుపుట మీ చేతిలో నున్నది. 1797లో కర్నల్ మెకంజీ అమరావతికి వచ్చునప్పటికే అచ్చటి స్తూపపు దిబ్బను త్రవ్వి, ఇటుకలను రాళ్లను కట్టడములకు తీసికొనిపోవుచుండిరి. గ్రీకు గ్రంథము మరల అచ్చుపడును. పగిలిన శాసనము మరల పుట్టదు. కావున మీ నాగటికి అక్షరములున్న రాయి తగిలినచో దానిని పగులగొట్టనీయక పురావస్తుశాఖవారికి తెలుపుడు. మీ యింటి పిల్లవాడు ఈ భాషలు చదివెదనని యన్నచో వానిని వారింపకుడు. మన ఊళ్ల పేర్లను పరులు వ్రాసికొన్న పుస్తకములను మనవా డొకడైనను స్వయముగా చదువగలిగి యుండవలెను గదా!

మా తాతగారు నేడు లేరు. వారికి చెప్పవలసిన యుత్తరము మీకు చెప్పితిని. సెలవు.