సెలవంటే ఎన్నాళ్ళు?

మన ఇళ్ళలో ఇండియా ట్రిప్పు అంటే ఏమిటో నేను వేరే చెప్పక్కర్లేదు. మొత్తం పదిహేను రోజులు. అందులో రానూ పోనూ మూడు రోజులు, నిద్ర కుదుటపడడానికి నాలుగు. మిగిలిన వాటిలో ఒక పెళ్ళి, రెండు గృహప్రవేశాలు, బ్యాంకు పని, బట్టల కొట్టు, పళ్ళ డాక్టరు. ఆఖరి రోజు రాత్రి సూట్‌కేసు తూచి, ఆవకాయ సీసా బయటికి తీసి, మనసొప్పక మళ్ళీ లోపల పెట్టడం. తిరిగొచ్చాక ఆఫీసులో "సెలవెలా గడిచింది?" అంటే "బిజీ" అంటాం. సెలవు బిజీగా గడవడమేమిటో నేనైతే ఎప్పుడూ ఆలోచించలేదు.

నేను కన్సల్టెంటుని. పని చేసిన గంటలకే డబ్బు, చెయ్యని రోజుకి సున్నా. అంచేత ఇరవయ్యేళ్ళుగా ప్రతి సెలవునీ గంటల్లోకి మార్చి లెక్కేసుకోవడం అలవాటైపోయింది. 2019లో అమ్మ పోయినప్పుడూ అంతే. ప్రాజెక్టు ఆఖరి దశలో ఉంది, పెద్దకార్యం అయిన మర్నాడే బయల్దేరాను. నాన్నగారు గేటు దాకా వచ్చి, "సెలవు లేదు కదూ, వెళ్ళిరా" అన్నారు. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. కాస్త ఉన్నా బాగుండేదని తరవాత చాలాసార్లు అనిపించింది.

2023 జూన్ నెలాఖరుకి ఒక కాంట్రాక్టు అయిపోయింది. తరవాతది మొదలవడానికి నెల పైనే ఉంది. మామూలుగా అలాంటి సందు దొరికితే ఏదో చిన్న పని ఒప్పుకుంటాను. ఈసారి మా ఆవిడ క్యాలెండరు తీసి 33 రోజులు కొట్టేసింది. పనిదినాలు 23, అంటే 184 గంటలు. ఆ అంకె చూసి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నవ్వకండి, మీలో కొందరికి ఈ జబ్బు ఉంది.

నిజానికి తప్పు పూర్తిగా మనదీ కాదు. జీతంతో సెలవు ఇచ్చి తీరాలని అమెరికాలో ఫెడరల్ చట్టమేదీ లేదు. యూరోపియన్ యూనియన్‌లో మాత్రం ఏడాదికి కనీసం నాలుగు వారాలు ఇవ్వాలని 1993 నుంచీ నిబంధన ఉంది. అయితే రాజమండ్రిలో మొదటి వారం గడిచాక నాకొకటి అర్థమైంది. సెలవు ఉండడం వేరు, సెలవులో ఉండడం వేరు. నాలుగో రోజు కూడా తెల్లవారుజామున లేచి ఎవరూ అడగని ఈమెయిళ్ళు చదువుతున్నాను. తొమ్మిదో రోజు మధ్యాహ్నం పనసకాయ కూర తిని, అరుగు మీద వాలి, లేచేసరికి దీపాల వేళ అయింది. లాప్‌టాప్ ఏ గదిలో ఉందో గుర్తు రాలేదు.

ఇది నా ఒక్కడి సంగతి కాదట. జెస్సికా డి బ్లూమ్ అనే పరిశోధకురాలు, సహచరులతో కలిసి సగటున 23 రోజుల సెలవు మీద వెళ్ళిన 54 మంది ఉద్యోగుల్ని గమనించి, 2013లో ఫలితాలు ప్రచురించారు. ఆరోగ్యం, హుషారు ఎనిమిదో రోజుకి పైమెట్టు చేరాయి. మన పదిహేను రోజుల ట్రిప్పులో ఎనిమిదో రోజున మనం ఏ బట్టల కొట్లో ఉంటామో గుర్తు తెచ్చుకోండి. అదే పరిశోధనలో ఇంకో సంగతీ తేలింది, దాచడం ధర్మం కాదు. పనిలోకి తిరిగొచ్చిన వారంలోపే ఆ లాభమంతా ఆవిరైపోయింది. నాకూ అంతే. ఆగస్టు రెండో వారానికి మెడనొప్పి యథాస్థానానికి వచ్చేసింది.

సరే, నది సంగతికొస్తాను. నాన్నగారు ఇరిగేషన్ డిపార్టుమెంటులో పనిచేసి రిటైరయ్యారు. ధవళేశ్వరం ఆనకట్ట, లాకులు, గట్లు, ఇవే ఆయన లోకం. ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో కాలవల మీద సరుకు పడవలు ఇంకా తిరుగుతుండేవి. మావాడికి పాపికొండలు చూపిద్దామనుకున్నాం. జూలైలో గోదావరికి వరద, లాంచీలు ఆపేస్తారు. మరి పడవ ప్రయాణం ఎక్కడ? మా ఆవిడ ముందే ఆలోచించి పెట్టింది. జర్మనీలో న్యూరెంబర్గ్ నుంచి డాన్యూబ్ మీదుగా బుడాపెస్టుకి ఏడు రాత్రులు. అక్కణ్ణుంచి నాన్నగారు మాతోపాటే అమెరికా వచ్చేలా ఏర్పాటు. "నీళ్ళు చూడ్డానికి అంత దూరమా? మన వాకిట్లో లేవూ?" అన్నారాయన. అంటూనే పాస్‌పోర్టు తెచ్చి ఇచ్చారు.

వెళ్దామనుకునే వాళ్ళకి నాలుగు ముక్కలు. సముద్రం మీద వెళ్ళే ఓడల్లో వేలమంది ఉంటారు, నది పడవలో రెండొందల లోపే. కుదుపు ఉండదు, కడుపులో తిప్పదు. ఊరి మధ్యలోనే ఆగుతుంది, పెద్దవాళ్ళు చేతికర్రతో దిగి నాలుగడుగులు నడిచి వెనక్కి రావచ్చు. కొన్ని కంపెనీలు పిల్లల్ని ఎక్కించుకోవు, ముందే కనుక్కోండి. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి షెంగెన్ వీసా, దానికి కనీసం 30,000 యూరోల వైద్య బీమా కావాలి. నదిలో నీళ్ళు మరీ ఎక్కువైనా, మరీ తగ్గినా పడవ ఆపేసి బస్సులో తీసుకెళ్తారు. శాకాహారమని ముందే చెప్పాలి. చెప్పినా మూడో రోజుకి బంగాళాదుంప మొహం మొత్తుతుంది. కారప్పొడి మర్చిపోకండి.

న్యూరెంబర్గ్ దాటాక పడవ మెయిన్-డాన్యూబ్ కాలవలో వెళ్తుంది. 171 కిలోమీటర్ల పొడుగు, 16 లాకులు, 1992లో పూర్తయింది. సముద్రమట్టానికి 406 మీటర్ల ఎత్తుకి పడవల్ని మెట్లు ఎక్కించినట్టు ఎక్కించి, అవతలి పక్క దించుతారు. కొన్ని లాకుల్లో ఒక్కసారికే పాతిక మీటర్ల దాకా లేపుతారు. లాకు వెడల్పు 12 మీటర్లు, పడవ వెడల్పు 11.4. అంటే అటూ ఇటూ జానెడు చొప్పున సందు. కిటికీ తెరిస్తే చెయ్యి చాపి గోడ ముట్టుకోవచ్చు.

మొదటి లాకు వచ్చేసరికి రాత్రయింది. నాన్నగారు డెక్ మీద రైలింగు పట్టుకుని నిలబడ్డారు, భోజనానికి పిలిచినా రాలేదు. మావాడికి పద్నాలుగేళ్ళు. తాతగారితో వాడి సంభాషణ అప్పటిదాకా "బాగున్నావా", "బాగున్నాను" దగ్గరే ఆగిపోయేది. వాడు పక్కకెళ్ళి, "తాతగారూ, లాకు అంటే లాకేనా? ఇంగ్లీషు వర్డేనా?" అని అడిగాడు. ఆయన పకపకా నవ్వారు. ఇక చూసుకోండి. గేటు, లెవెలు, తలుపు, షట్టరు, లస్కరు... వాడి దగ్గర సగం తెలుగు, ఆయన దగ్గర సగం ఇంగ్లీషు, రెండూ కలిపితే ఒక లాకు నడపడానికి సరిపోయాయి. ఆ తరవాత ఏ లాకు వచ్చినా, అర్ధరాత్రయినా సరే, ఇద్దరూ డెక్ మీదే.

పసావు అనే ఊళ్ళో మూడు నదులు కలుస్తాయి. అక్కడ పాత టౌన్‌హాలు గోడ మీద ఏయే ఏడాది వరద ఎంత ఎత్తు వచ్చిందో గీతలు గీసి ఉన్నాయి. 1501, 2013 గీతలు మన తలలకి చాలా పైన. నాన్నగారు ఆ గోడ ముందు చాలాసేపు నిలబడి, మావాడికి 1986 ఆగస్టు గురించి చెప్పడం మొదలుపెట్టారు. భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకి వచ్చింది. ధవళేశ్వరం మీదుగా 35 లక్షల క్యూసెక్కులు పోయాయి. గట్టు ఎక్కడ తెగుతుందో తెలీదు. లాంతర్లు పట్టుకుని, ఇసక బస్తాలు మోయిస్తూ నాలుగు రాత్రులు గట్టు మీదే ఉన్నారట. ఒకచోట కాళ్ళకింద మట్టి జారితే లస్కరు ఒకతను చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడట.

అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. నాన్న నాలుగు రోజులు ఇంటికి రాలేదనీ, వచ్చాక నాతో మాట్లాడకుండా పడుకున్నారనీ, నేను అలిగాననీ మాత్రమే గుర్తు. ఇన్నేళ్ళలో ఆయన చెప్పలేదు. నేను అడగలేదు. అడగాలంటే ముందు ఇద్దరం తోచక ఓ చోట నిలబడాలి కదా. నేను మూడడుగుల వెనక నిలబడి, నా కొడుక్కి చెప్తున్న మాటలు వింటున్నాను.

తరవాత ద్రాక్షతోటల వాచావ్ లోయ, వియన్నా, బుడాపెస్టులో పార్లమెంటు దీపాలు, అన్నీ బాగున్నాయి. ఫొటోలు మాఇంటికొస్తే చూపిస్తాను, రెండు వేలున్నాయి.

నాన్నగారు అక్టోబరులో రాజమండ్రి వెళ్ళిపోయారు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారని మావాడికిప్పుడు తెలుసు. వర్షాకాలం వస్తే పొద్దున్నే నీటిమట్టం చూసి, నాకంటే ముందు వాడే ఫోన్ చేస్తున్నాడు. "తాతగారూ, లెవెన్ దాటింది. మీరు గట్టు మీదకి వెళ్ళకండి." అవతల ఆయన ఏమంటారో నాకు వినపడదు. వాడు మాత్రం నవ్వుతూ, "అయితే లస్కరుని తీసుకెళ్ళండి" అంటాడు.