ఇంటి వీడియోలో ‘లవకుశ’ ఎంత మిగిలింది?

కోదాడ: కోదాడ మండలం గుడిబండలో పుట్టిన కాంతారావు లక్ష్మణుడిగా నటించిన ‘లవకుశ’ తెలుగులో పూర్తిగా రంగుల్లో వచ్చిన మొదటి చిత్రం. 1963 మార్చి 29న విడుదలైన ఈ సినిమా నిడివి 208 నిమిషాలు, అంటే 3 గంటల 28 నిమిషాలు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల ఇళ్లల్లో అటకల మీద పడి ఉన్న వీడియో క్యాసెట్లలోనూ, డిస్కుల్లోనూ ఇందులో ఎంత మిగిలి ఉన్నదీ పెట్టె దించి చూస్తేగాని తెలియదు.

ఈ సినిమా సులభంగా తయారు కాలేదు. నిర్మాత శంకరరెడ్డి 1958లో మొదలు పెట్టగా, డబ్బు చాలక మధ్యలో ఆగిపోయింది. 1934లో ఇదే కథను నలుపు తెలుపుల్లో తీసిన సి.పుల్లయ్యే దీనికీ దర్శకుడు. ఆయన ఆరోగ్యం దెబ్బతినడంతో కుమారుడు సి.ఎస్.రావు మిగతా భాగం పూర్తి చేశారు. రాముడుగా ఎన్.టి.రామారావు, సీతగా అంజలీదేవి వేశారు. ఘంటసాల సంగీతంలో పాటలు, పద్యాలు కలిపి ముప్పయికి పైగా ఉన్నాయి. లవకుశుల గొంతులు పి.లీల, పి.సుశీలలవి. ఆ రోజుల్లో పల్లెల నుంచి బండ్లు కట్టుకొని పట్నం వెళ్లి చూసి వచ్చినవారు, ఆ తర్వాత టూరింగ్ టాకీసుల్లో మళ్లీ మళ్లీ చూసినవారు ఇప్పటికీ ఉన్నారు.

సీతమ్మను అడవిలో దింపి రావలసిన లక్ష్మణుడి వేషం కత్తి తిప్పే వేషం కాదు. కత్తి కాంతారావుగా జానపద చిత్రాల్లో పేరు పడిన మనిషి ఇక్కడ కన్నీళ్లతోనే నెగ్గుకొచ్చారు. 1923లో పుట్టిన ఆయన 1953లో ‘ప్రతిజ్ఞ’తో కథానాయకుడై, వందలాది చిత్రాల్లో నటించి, సొంతంగా సినిమాలు తీసి నష్టపోయి, 2009 మార్చిలో కన్నుమూశారు. జిల్లా నుంచి అంత ఎత్తుకు వెళ్లిన నటుడు తొలి రంగుల చిత్రంలో ఎలా కనిపించారో ఈ తరం పిల్లలకు చూపాలంటే మంచి ప్రతి కావాలి. చిక్కంతా అక్కడే ఉన్నది.

నలుపు తెలుపు ఫిలింలో బొమ్మ వెండి రేణువులతో ఏర్పడుతుంది. సరిగా దాచితే ఏళ్ల తరబడి చెక్కు చెదరదు. అదే 1963లో వచ్చిన ‘నర్తనశాల’ నలుపు తెలుపు చిత్రమే. అందులో కృష్ణుడు కూడా కాంతారావే. రంగుల ఫిలిం సంగతి వేరు. అందులో మూడు రంగు పొరలుంటాయి. అప్పటి ప్రింట్లలో నీలి ఆకుపచ్చ కలిసిన పొర ముందుగా వెలిసిపోతుంది. అది పోతే తెరమీద మిగిలేది ఎరుపు. అడవి ఎర్రగా, ఆకాశం గులాబీగా, మనుషుల ముఖాలు కాల్చిన ఇటుకలాగా కనబడితే టీవీ చెడిపోయిందని బాగుచేయించనక్కరలేదు. ఆ వీడియోకు ఎక్కించిన ప్రింటే వెలిసిపోయి ఉంటుంది. వేడి, తేమ ఈ పనిని త్వరగా చేస్తాయి. చల్లగా, పొడిగా ఉంచిన గదుల్లో నెమ్మదిస్తుంది. 1964లో పూణెలో ఏర్పడిన జాతీయ చలనచిత్ర భాండాగారం వంటి చోట్ల ఫిలింకు ప్రత్యేక గదులు ఉండేది అందుకే. మన రేకుల గోదాముల్లో ఎండాకాలం ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు.

పల్లెల్లోకి ఈ సినిమా రెండోసారి వచ్చింది 1980ల వీడియో రోజుల్లో. టీవీ, వీసీఆర్ అద్దెకు తెచ్చి రచ్చబండ దగ్గర రాత్రికి రెండు మూడు సినిమాలు వేసేవారు. పెళ్లిళ్లకు, పండుగలకు పౌరాణికం ఒకటి తప్పనిసరి. ఆ తర్వాత వీసీడీలు వచ్చాయి. థియేటరులో కోత పడని సినిమాకు కూడా ఇక్కడే కోత పడింది. కారణం ఎవరి దురుద్దేశమూ కాదు, చోటు చాలకపోవడమే.

లెక్క చూడండి. సినిమా థియేటరులో సెకనుకు 24 బొమ్మల చొప్పున ఆడుతుంది. మన దేశంలో వాడిన టీవీ పద్ధతిలో 25 ఆడతాయి. అందుచేత ఒక్క బొమ్మ కోయకపోయినా 208 నిమిషాల సినిమా ఇంట్లో సుమారు 200 నిమిషాల్లో అయిపోతుంది. ఆ ఎనిమిది నిమిషాలు పోయాయని కంగారు పడవలసింది లేదు. మామూలు క్యాసెట్టు మీద 180 అని ఉంటుంది. మామూలు వేగంతో ఎక్కిస్తే అందులో పట్టేది మూడు గంటలు. అంటే ఒకే క్యాసెట్టులో ఉన్న ‘లవకుశ’లో దాదాపు 20 నిమిషాలు లేనట్లే. ఒక్కో వీసీడీలో ఎంత కుక్కినా 80 నిమిషాలు. రెండు డిస్కుల పెట్టె అయితే 40 నిమిషాలు ఎగిరిపోయాయి. మూడు డిస్కులుంటేనే పూర్తి సినిమా ఉండే అవకాశం.

ఎక్కడ కోస్తారంటే, కథ ఆగకుండా తీసేయగలిగిన చోటే కదా. అవి పద్యాలు, పాటలు. పద్య నాటకాలు ఆడిన ఊళ్లల్లో హార్మోనియం ముందు పెట్టుకొని సినిమా పద్యాలు విని సాధన చేసినవారికి ఇది చిన్న నష్టం కాదు. కథ తెలియనిదెవరికి? రాముడి కథ వినడానికి మూడున్నర గంటలు ఎవరూ కూర్చోలేదు, ఆ గొంతుల కోసం కూర్చున్నారు. యూట్యూబులో ఈ సినిమా చూసేవారు కూడా ముందు కింద కనబడే నిమిషాలు చూసుకోవడం మంచిది. నూట అరవై, నూట డెబ్బయి దగ్గర ఆగిపోతే అది కోత పడినదే.

రంగుల విషయంలో ఇంకో పొరపాటు జరుగుతున్నది. ‘మాయాబజార్’ రంగుల్లో చూశాం గనుక అదే మొదటిదని కొందరి వాదన. 1957లో అది నలుపు తెలుపుల్లో వచ్చింది. 2010లో కంప్యూటరు సాయంతో రంగులు అద్ది మళ్లీ విడుదల చేశారు. పుట్టుకతో రంగులున్న తొలి వరుస చిత్రాలు వేరు. ‘లవకుశ’ తర్వాత 1964లో బి.ఎస్.రంగా తీసిన ‘అమరశిల్పి జక్కన’, 1965లో కృష్ణ కథానాయకుడుగా పరిచయమైన ‘తేనె మనసులు’ ఆ కోవలోవి. చివరిది సాంఘికం. వీటి పాత క్యాసెట్లు, డిస్కులు దొరికినా పారేయరాదు.

పాత క్యాసెట్టు దొరికిన వెంటనే మెషీనులో పెట్టవద్దు. కిటికీలోంచి టేపు అంచున తెల్లగా బూజు కనబడితే ఆ బూజు మెషీను హెడ్డుకు అంటుకుంటుంది, దాని వెంట వేసిన మరో క్యాసెట్టుకూ పాకుతుంది. బాగున్నదైతే ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్లీ వెనక్కి చుట్టి, పుస్తకంలాగా నిలబెట్టి పొడి చోట ఉంచాలి. స్పీకరు అయస్కాంతాల పక్కన పెట్టరాదు. ప్రపంచంలో వీసీఆర్ తయారు చేస్తూ వచ్చిన ఆఖరి కంపెనీ, జపానుకు చెందిన ఫునాయ్, 2016 జూలైలో తయారీ ఆపేసింది. ఇక ఉన్న మెషీన్లే గతి. పెళ్లి క్యాసెట్లను కంప్యూటరులోకి ఎక్కించే ఫొటో స్టూడియోలు ఇదీ ఎక్కించగలవు.

సినిమా మీద కాపీరైటు మన చట్టం ప్రకారం 60 ఏళ్లు. 1963 చిత్రానికి అది 2023 డిసెంబరు ఆఖరుతో తీరింది. పాటల రచన, సంగీతం హక్కుల లెక్క వేరు. ఏ గ్రంథాలయమైనా, పాఠశాలయినా గుడిబండ లక్ష్మణుణ్ణి తెరమీద చూపదలిస్తే ముందు ఆ సంగతి తెలిసినవారిని అడిగి, మూడు డిస్కుల పెట్టె ఎవరింట్లో ఉందో వాకబు చేసుకోవాలి.