చేప చేదు మందు కాదు, విషం



చేప మంచి బలమైన ఆహారం. కానీ దాని కడుపులో, కాలేయాన్ని అంటుకుని, ఆకుపచ్చని చిన్న తిత్తి ఒకటి ఉంటుంది. అదే పిత్తాశయం. అది పగిలితే కూరంతా చేదెక్కుతుందని చేప కోసేవారు జాగ్రత్తగా తీసి పారేస్తారు. కొందరు మాత్రం దానినే దాచి, కాకరకాయలాగా చేదు గనుక షుగరు తగ్గుతుందని, చూపు బాగవుతుందని, ఉబ్బసం, కీళ్ళనొప్పులు పోతాయని మింగుతున్నారు. ఇది ప్రాణం మీదికి తెచ్చే పని.

విషం ఎందులో ఉంది?

బొచ్చె, రాగండి, గడ్డిచేప వంటి చెరువు చేపల పిత్తంలో సైప్రినాల్ సల్ఫేట్ అనే విషపదార్థం ఉంటుంది. ఉడికించినా, సారాయిలో కలిపినా ఇది విరగదు. చేప పెద్దదైన కొద్దీ పిత్తం ఎక్కువ, ప్రమాదమూ ఎక్కువ. చేప మాంసానికి ఈ దోషం లేదు. శుభ్రం చేసిన చేపను నిర్భయంగా తినవచ్చు.

లక్షణాలు

మొదటి దశ: మింగిన కొద్ది గంటల్లోనే కడుపునొప్పి, వాంతులు, నీళ్ళ విరేచనాలు మొదలవుతాయి.

రెండవ దశ: వాంతులు తగ్గుతాయి. "గండం గడిచింది" అని ఇంటివారు అనుకుంటారు. అసలు మోసం ఇక్కడే ఉంది. ఆ రెండు మూడు రోజుల్లోనే విషం కాలేయాన్ని, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. కళ్ళు పచ్చబడవచ్చు. మూత్రం తగ్గిపోతుంది, లేదా పూర్తిగా ఆగిపోతుంది. ముఖం, కాళ్ళు వాస్తాయి, ఆయాసం వస్తుంది.

కనుక వాంతులు తగ్గాయా అని కాదు, మూత్రం సరిగా వస్తోందా అని చూడండి.

ఏమి చేయాలి?

1. చేదు మింగినవారిని, బాధ లేకపోయినా, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.
2. ఏ చేప, ఎంత పెద్దది, ఎన్ని తిత్తులు, ఎన్ని గంటలకు మింగారో దాచకుండా చెప్పండి. చెప్పకపోతే మామూలు వాంతులు, విరేచనాలని పొరబడే వీలుంది.
3. బలవంతంగా వాంతి చేయించవద్దు. నాటుమందులు పోయవద్దు.
4. కడుపునొప్పికి దుకాణంలో నొప్పి బిళ్ళలు కొని వేయవద్దు. వాటిలో చాలావరకు కిడ్నీలను ఇంకా దెబ్బతీస్తాయి.
5. మూత్రం తగ్గినవారికి ఎన్ని నీళ్ళు ఇవ్వాలో డాక్టరుగారు చెప్పిన కొలత ప్రకారమే ఇవ్వండి.

చికిత్స

ఈ విషానికి విరుగుడు మందు లేదు. ఆసుపత్రిలో సెలైను అవసరమైన మేరకు ఎక్కిస్తారు. క్రియాటినిన్, పొటాషియం, కాలేయ పరీక్షలు మళ్ళీ మళ్ళీ చేస్తారు. కిడ్నీలు పనిచేయకపోతే డయాలసిస్ చేస్తారు.

డయాలసిస్ మాట వినగానే "ఒకసారి మొదలుపెడితే జీవితాంతం చేయించుకోవాలి" అని భయపడి, రోగిని ఇంటికి తీసుకుపోవాలనుకునే కుటుంబాలు ఉంటాయి. దయచేసి అలా చేయకండి. ఇది ఏళ్ళ తరబడి పాడైన కిడ్నీ కాదు, విషం వల్ల హఠాత్తుగా దెబ్బతిన్న కిడ్నీ. అది కోలుకునేదాకా ఆ పనిని యంత్రం చేస్తుంది. సకాలంలో వచ్చినవారిలో ఎక్కువమందికి కొద్ది వారాల్లో మూత్రం మళ్ళీ మామూలుగా వస్తుంది, డయాలసిస్ ఆపేస్తారు. ఆలస్యం చేస్తే ప్రాణమే పోవచ్చు.

షుగరు ఉన్నవారికి ఒక మాట. మీ కిడ్నీలు ఇప్పటికే అలసి ఉండవచ్చు. వాటిమీద ఈ విషం కూడా మోపకండి. మందులు మానకండి.

ఈసారి చేప కోసినప్పుడు ఆ తిత్తిని పగలకుండా తీసి, పిల్లలకు అందకుండా పూడ్చివేయండి. ఎవరైనా దానిని మందుగా అడిగితే, ఇవ్వకుండా ఈ సంగతి చెప్పండి.