పరుపు కొనబోయే ముందు

"ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు" అన్నారు పెద్దలు. మొదటి సగం సంగతి మన మెస్సులో భోంచేసే వాళ్ళందరికీ నిత్యానుభవమే గనుక దాని జోలికి పోను. రెండో సగాన్ని మాత్రం పూర్తిగా ఒప్పుకోవడానికి వీల్లేదు. నిద్ర రావడానికి సుఖం అక్కర్లేదన్న మాట నిజమే. పరీక్షల రోజుల్లో రీడింగు రూములో బల్లకి తల ఆనించి గుర్రు పెట్టిన వాళ్ళమే మనమంతా. కాని లేచేసరికి మెడ ఒక పక్కకి పట్టేసి, కుడిచెయ్యి మనదో పరాయిదో తెలియకుండా తిమ్మిరెక్కి ఉండడం కూడా మన అనుభవమే గదా! సుఖం ఎరగనిది నిద్ర. నడుముకీ మెడకీ ఆ మినహాయింపు లేదు.

చెప్పుల జత కొనాలంటే నాలుగు దుకాణాలు తిరుగుతాం. తొడుక్కుని అటూ ఇటూ నడిచి చూస్తాం. పదేళ్ళపాటు రోజుకి ఏడెనిమిది గంటలు ఒంటికింద ఉండే పరుపుని మాత్రం బొటనవేలితో ఒక నొక్కు నొక్కి, "బాగానే ఉంది, కట్టండి" అంటాం. ఇప్పుడయితే ఆ నొక్కడం కూడా లేదు. ఫోనులో బొమ్మ చూసి డబ్బు కడితే పరుపుని చాపలాగా చుట్టి, పెట్టెలో పెట్టి, గుమ్మంలోకి తెచ్చి ఇస్తున్నారు. పరుపు కొనడానికి కూడా శాస్త్రం కావాలా అని నవ్వే మిత్రులకు ఒక మనవి. నేను మెకానికల్ ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం విద్యార్థిని. మొదటి సంవత్సరంలో మనకి చెప్పిన అప్లయిడ్ మెకానిక్సు తరువాత ఎందుకయినా పనికొచ్చిందీ అంటే, నా మటుకు నాకు ఇందుకే పనికొచ్చింది.

మన వెన్నులో కదిలే పూసలు ఇరవైనాలుగు. వాటి మధ్య మెత్తని బిళ్ళలు ఇరవైమూడు. వీటినే డిస్కులంటారు. పగలంతా నిలబడీ కూర్చునీ ఉంటే పై బరువుకి ఈ బిళ్ళల్లోంచి నీరు కొద్దికొద్దిగా బయటికి పోతుంది. రాత్రి పడుకున్నాక బరువు తగ్గి, ఆ నీటిని మళ్ళీ పీల్చుకుంటాయి. అందుకే పొద్దున్న లేవగానే కొలుచుకుంటే మనిషి సాయంత్రం కన్నా ఒక సెంటీమీటరు పైచిలుకు పొడుగుంటాడు. పోలీసు ఉద్యోగాల సెలక్షన్లకి వెళ్ళే మిత్రులు ఈ సంగతి గుర్తుంచుకుంటే మంచిది! స్వీడన్ దేశపు వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్‌సన్ 1960లలో మనుషుల నడుము డిస్కులోకి సూది పంపి అందులోని ఒత్తిడి కొలిచాడు. నిలబడ్డప్పటి ఒత్తిడితో పోలిస్తే వెల్లకిలా పడుకున్నప్పుడు ఉండేది సుమారు నాలుగో వంతు. 1999లో జర్మనీ పరిశోధకులు మళ్ళీ కొలిస్తే అయిదో వంతు దగ్గరికి వచ్చింది. అంటే ఆ పూసలకీ బిళ్ళలకీ దొరికే విశ్రాంతి అంతా ఆ రాత్రి కాసేపే. అప్పుడు కూడా వెన్ను వంకరగా ఉంటే కండరాలూ కీళ్ళూ తెల్లవార్లూ డ్యూటీ చేస్తూనే ఉంటాయి.

కాబట్టి పరుపు చెయ్యవలసిన పనులు రెండు. వెన్నెముకని దాని సహజమైన ఆకారంలో నిలబెట్టడం ఒకటి. ఒంటి బరువుని ఎక్కడా గుచ్చుకోకుండా పంచడం రెండోది. చిక్కేమిటంటే ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు తిరిగే పనులు. గట్టిగా ఉంటే మొదటిది బాగుంటుంది, మెత్తగా ఉంటే రెండోది. రాజీ ఎక్కడ కుదురుతుందన్నది మనం పడుకునే తీరుని బట్టి ఉంటుంది.

ఒత్తిగిలి పడుకునే వాళ్ళని ముందు తీసుకుందాం, ఎక్కువమంది వాళ్ళే గనుక. పక్కకి తిరిగితే మన ఆకారం చదునుగా ఉండదు. భుజం ఒక గుట్ట, తుంటి ఒక గుట్ట, మధ్యలో నడుము ఒక లోయ. ఒత్తిడి అంటే బరువుని వైశాల్యంతో భాగించగా వచ్చేది. వెల్లకిలా ఉంటే వీపంతా ఆనే బరువు ఇప్పుడు భుజం మీదా తుంటి మీదా పడుతుంది. పరుపు బల్లలాగా ఉంటే ఆ రెండు చోట్లా చర్మంలోని సన్నని రక్తనాళాలు నొక్కుకుపోయి తిమ్మిరెక్కుతుంది, నడుము గాలిలో వేలాడుతుంది. అంచేత వీళ్ళకి భుజమూ తుంటీ ఒకటి రెండు అంగుళాలు లోపలికి దిగేటంత మెత్తదనం పైపొరలో ఉండాలి. కింద పొర మాత్రం దిగిపోకూడదు. సరిపోయిందో లేదో చూడడానికి మా రూములో ఒక పద్ధతి కనిపెట్టాం. చొక్కా విప్పి, వెన్నుపూసల మీద సుద్దముక్కతో చుక్కలు పెట్టించుకుని, పక్కకి పడుకుని, వెనకనుంచి ఫోటో తీయించుకోవడమే. చుక్కలన్నీ మంచానికి సమాంతరంగా ఒకే గీతలో ఉంటే పరుపు కుదిరినట్టు. మధ్యలో కిందికి ఉయ్యాలలాగా జారితే పరుపు మరీ మెత్తన. భుజం దగ్గర పైకి లేచి వంకర పోతే మరీ గట్టి.

వెల్లకిలా పడుకునే వాళ్ళకి పరీక్ష ఇంకా సులభం. పడుకుని నడుము కిందికి అరచెయ్యి పోనివ్వండి. ధారాళంగా అటునుంచి ఇటు వచ్చేస్తే పరుపు గట్టిది, నడుముకి ఆసరా లేదు. వేళ్ళు కూడా దూరకపోతే తుంటి దిగిపోయింది, అంటే మెత్తది. కాస్త ఒరుసుకుంటూ దూరితే మీకు సరిపోయినట్టే. వీళ్ళకి మధ్యరకం గట్టిదనం చాలు. మోకాళ్ళ కింద ఒక చిన్న దిండు పెట్టుకుంటే నడుము ఇంకా హాయిగా ఉంటుంది. గుర్రు పెట్టేవాళ్ళకి మాత్రం ఈ భంగిమ మంచిది కాదు. నాలుక వెనక్కి వాలి గురక హెచ్చుతుంది. ఈ విషయంలో సలహా అడగాల్సింది డాక్టరుని కాదు, రూమ్మేటుని.

బోర్లా పడుకునే మిత్రులతో నాకు పేచీ ఉంది. ఊపిరి ఆడాలంటే మెడని ఒక పక్కకి పూర్తిగా తిప్పి గంటల తరబడి ఉంచాలి. శరీరంలో బరువైన భాగం నడుమూ పొట్టా గనుక అవి దిగి, వెన్ను విల్లులాగా వెనక్కి వంగుతుంది. అలవాటు మానలేకపోతే గట్టి పరుపు, పల్చని దిండు, లేదా అసలు దిండు లేకపోవడం, పొత్తికడుపు కింద ఒక మడతపెట్టిన దుప్పటి. అంతకన్నా నేను చెప్పగలిగింది లేదు.

దిండు మాట వచ్చింది గనుక ఒక్క ముక్క. ఒత్తిగిలి పడుకునేవాడికి దిండు ఎత్తు ఎంతుండాలంటే చెవి దగ్గరనుంచి భుజం చివరి వరకూ ఉన్నంత. స్కేలు పెట్టి కొలుచుకోవచ్చు. పరుపులోకి భుజం దిగే మేరకి అందులోంచి తగ్గించుకోవాలి. వెల్లకిలా వాడికి అందులో సగం చాలు.

బరువు లెక్క మరచిపోకూడదు. నలభై అయిదు కిలోల మనిషికి బండలాగా అనిపించే పరుపే తొంభై కిలోల మనిషికి మెత్తగా ఉంటుంది. అందువల్ల "ఇది మీడియం, అది ఫర్మ్" అని పరుపుకి అంటించిన చీటీ సగం మాటే చెబుతుంది.

మా అమ్మ సంగతి చెప్పక తప్పదు. రెండేళ్ళ కిందట ఆవిడకి నడుమునొప్పి పట్టుకుంది. చూసిన ప్రతివాళ్ళూ "గట్టి పక్క మీద పడుకోవాలమ్మా" అన్నారు. నాన్నగారు పట్నంలో ఒక దుకాణానికి వెళితే వాళ్ళు "ఆర్థోపెడిక్" అని రాసి ఉన్న ఆరంగుళాల పరుపు, రాయిలాంటిది, అంటగట్టారు. ఆ మాట దుకాణం మాటే గాని డాక్టరు చీటీ కాదు. అమ్మ బక్కపల్చని మనిషి, చిన్నప్పటినుంచీ ఎడమపక్కకి తిరిగి పడుకునే అలవాటు. నెల తిరక్కుండా నడుమునొప్పికి తోడు భుజం నొప్పి వచ్చింది. రాత్రిళ్ళు లేచి వరండాలో పాత నవారు మంచం మీద కూర్చునేది. ఖరీదు పెట్టి కొన్నది వృథా అవుతుందని పైకి చెప్పేది కాదు.

గట్టి పక్కే మందు అన్న నమ్మకం మనవాళ్ళకే కాదు, చాలా దేశాల్లో ఉండేది. పరుపు కింద బల్ల వేయించుకోమని డాక్టర్లే చెప్పేవారు. 2003లో స్పెయిన్ దేశంలో కోవాక్స్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ దీర్ఘకాలంగా నడుమునొప్పి ఉన్న 313 మందికి, సగం మందికి గట్టి పరుపులూ సగం మందికి మధ్యరకం పరుపులూ ఇచ్చి 90 రోజులు చూశారు. ఎవరికి ఏది ఇచ్చారో వాళ్ళకి తెలియదు. మధ్యరకం వాటి మీద పడుకున్న వాళ్ళకే నొప్పి బాగా తగ్గింది. ఆ ఫలితం 'లాన్సెట్' పత్రికలో వచ్చింది. ఇది నేను సెలవుల్లో ఇంటికి వెళ్ళి చెబితే, అమ్మ పెట్టెలోంచి పాతచీరెలతో కుట్టిన బొంతలు రెండు తీసి ఆ పరుపు మీద పరిచింది. భుజం నొప్పి వారంలో సర్దుకుంది. నడుముకి డాక్టరు చెప్పిన వ్యాయామం కూడా చేస్తోంది గనుక ఎంత ఘనత బొంతది, ఎంత వ్యాయామానిదీ అన్నది నేను తేల్చలేను. ఒకటి మాత్రం చెప్పాలి. నొప్పి కాలిలోకి పాకినా, కాలు మొద్దుబారినా పరుపుల దుకాణానికి కాదు వెళ్ళవలసింది, ఆస్పత్రికి.

మా ఊళ్ళో దూదేకి పరుపులు కుట్టే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. పరుపు కావాలని వెళితే ముందు ఆయన అడిగే ప్రశ్న, "ఎవరు పడుకుంటారు బాబూ?" అని. ముసలివాళ్ళా, పిల్లలా, బాలింతా, ఒళ్ళు గల మనిషా అని కనుక్కుని దూది తూకం వేసేవాడు. నడుము వచ్చేచోట ఒక పిడికెడు ఎక్కువ కూరేవాడు. ఇన్ని పరిశోధనలు చదివాక ఆయన అడిగిన ప్రశ్నే అసలు ప్రశ్న అని నాకనిపిస్తుంది. దూది పరుపుకి గాలి ఆడుతుంది, చెమట పీలుస్తుంది. అయితే ఏడాదికల్లా ఉండలు కట్టి మధ్యలో గుంట పడుతుంది. ఎండలో వేస్తూ, కొన్నేళ్ళకోసారి విప్పి ఏకించాలి. ఏకేవాళ్ళు కరువవుతున్నారు. బూరుగుదూది ఇంకా తేలిక, దాని పోగు లోపల బోలుగా ఉంటుంది, నీటికి తడవదు. దిండ్లకి దానికి మించింది లేదు. కొబ్బరిపీచుకి రబ్బరు పాలు పట్టించి అదిమిన పరుపు గట్టిగా ఉంటుంది, వేడి పట్టదు. వెల్లకిలా వాళ్ళకీ బోర్లా వాళ్ళకీ నయం. ఒత్తిగిలే వాళ్ళకి దానిమీద రెండంగుళాల మెత్తని పొర ఉండాలి. మెమరీ ఫోమ్ అనేది 1966లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కోసం, విమానం సీట్లకని తయారు చేసింది. ఒంటి వేడికి మెత్తబడి ఆకారం పట్టుకుంటుంది. భుజానికి సుఖమే గాని వేడిని పట్టి ఉంచుతుంది. విశాఖపట్నం మే నెలలో, కరెంటు పోయిన రాత్రి, దానిమీద పడుకుని చూసినవాళ్ళు నాతో ఏకీభవిస్తారు.

మామూలు ఫోము పరుపుల దగ్గర మోసం ఎక్కువ. గట్టిదనం వేరు, సాంద్రత వేరు. నొక్కితే గట్టిగా ఉన్నంత మాత్రాన మన్నిక ఉన్నట్టు కాదు. తక్కువ సాంద్రత గల ఫోము మొదటి నెల బ్రహ్మాండంగా ఉండి ఏడాదికల్లా తొట్టెలాగా గుంట పడుతుంది. ఈ ఏడాది మా హాస్టలుకి కొత్త పరుపులు కొనడానికి వేసిన విద్యార్థుల కమిటీలో నేనూ ఉన్నాను. ఒక సరఫరాదారు "ఘనపు మీటరుకి 32 కిలోలు" అని కాగితం మీద రాసి నమూనా పంపాడు. ఆరడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు, అయిదంగుళాల మందం. లెక్కకడితే ఘనపరిమాణం 0.21 ఘనపు మీటర్లు. అంటే ఫోము ఒక్కటే దాదాపు ఆరుముప్పావు కిలోలు తూగాలి. మెస్సులో బియ్యం తూచే కాటా మీద పెడితే గుడ్డతో సహా అయిదు కిలోలు కూడా రాలేదు! ఆ నమూనా వెనక్కి పోయింది. కొనేవాళ్ళు ఎవరయినా సరే, ఈ తూకం ఒక్కటి చేసుకోండి. దుకాణంలో సిగ్గుపడకుండా పడుకుని చూడండి కూడా. రెండు నిమిషాలు కాదు, పావుగంట, మీరు రాత్రి ఎట్లా పడుకుంటారో అట్లాగే. మేము నలుగురం అట్లా పడుకుంటే యజమాని టీ తెప్పించాడు.

కమిటీలో తేలిందేమిటంటే అందరికీ ఒకే పరుపు కుదరదని. అందుకని రెండు రకాలు తెప్పిస్తున్నాం. గట్టి అడుగుపొర మీద రెండంగుళాల మెత్తని పొర ఉన్నది ఒకటి, ఒకే మోస్తరు గట్టిదనం ఉన్నది రెండోది. ఆరడుగులకి పై బడ్డ వాళ్ళకి 78 అంగుళాలది విడిగా. నోటీసు బోర్డు దగ్గర ఉన్న ఫారంలో పేరు, రూము నంబరు, ఎత్తు, బరువు, ఒత్తిగిలా వెల్లకిలా అన్నది నింపి ఇవ్వాలి. ఆఖరి గడి రూమ్మేటు చేత నింపించండి. నిద్రలో తాము ఎట్లా పడుకుంటారో స్వయంగా చూసిన వాళ్ళెవరూ లేరు.