సముద్రం మీద పొగ ఎవరి ఖాతాలో?

భీమవరం దగ్గర మా చెరువుల్లో పెంచే వెనామీ రొయ్య మన సముద్రానిది కాదు. దాని పుట్టిల్లు అమెరికా ఖండాల పసిఫిక్ తీరం. 2009లో ఇక్కడ సాగుకు అనుమతి వచ్చింది. ఇప్పటికీ జబ్బుల్లేని తల్లి రొయ్యలు హవాయి, ఫ్లోరిడా వంటి చోట్ల నుంచి విమానంలో చెన్నైలో దిగుతాయి. నీలాంకరై క్వారంటైన్ కేంద్రంలో పరీక్షలయ్యాకే హేచరీలకు చేరతాయి. వాటి పిల్లలు మా దగ్గర మూడు నాలుగు నెలలు మేత తిని పెరిగి, వాటిలో ఎన్నో మళ్లీ అమెరికాకే ఓడెక్కుతాయి.

పట్టుబడి రోజున చీకటితోనే వలలు దిగుతాయి. కిలోకు ఎన్ని తూగుతున్నాయో చూసి కౌంటు కడతారు; రేటు దాన్నిబట్టే. క్రేట్లలో ఒక వరస రొయ్య, ఒక వరస ఐసు. ప్లాంటులో తల తీసి, గడ్డకట్టించి, మైనస్ 18 డిగ్రీల కంటైనర్‌లో సర్దుతారు. అది విశాఖ రేవు చేరేదాకా లారీకి బిగించిన డీజిల్ జనరేటర్ ఆగకూడదు. ఓడెక్కాక ఆ చలికి కరెంటు ఓడలోని జనరేటర్లే ఇవ్వాలి.

అంతదూరం పోతోంది కదా, పొగంతా ఓడదే అనుకుంటాం. కానీ వేల కంటైనర్లు ఒక్కసారే మోస్తుంది కనుక కిలో వంతుకు పడేది తక్కువే. అదే కిలో అంతే దూరం లారీలో పోతే కొన్ని రెట్లు, విమానంలో పదుల రెట్లు పెరుగుతుంది. ఓడలో ఖర్చు కూడా తక్కువే; అసలు చిక్కు ఆ చౌకదనంతోనే. రవాణా చౌక కాబట్టే ఇంత సరుకు తిరుగుతోంది. 2018లో ప్రపంచ ఉద్గారాల్లో దాదాపు 2.9 శాతం ఓడలవేనని అంతర్జాతీయ నౌకాయాన సంస్థ లెక్క తేల్చింది. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక చాలా ఓడలు సూయెజ్ కాలువ వదిలి ఆఫ్రికా చుట్టూ తిరిగాయి. సరుకు అదే, ఇంధనం మాత్రం పెరిగింది.

మా లారీ డీజిల్ భారతదేశం లెక్కలో పడుతుంది. ఓడ ఇంధనం మన లెక్కలోకీ రాదు, తినే అమెరికా లెక్కలోకీ రాదు. 1997 క్యోటో ఒప్పందంలో అంతర్జాతీయ ఓడల, విమానాల పొగ తగ్గించే పనిని ఆ రంగాల అంతర్జాతీయ సంస్థలకు వదిలేశారు. ఓడల పొగకు ధర కట్టే ప్రతిపాదన 2025 అక్టోబరులో లండన్‌లో ఆ నౌకాయాన సంస్థ సమావేశంలో తేలాల్సింది. ఏడాది వాయిదా వేశారు.

పొగకు ధర కట్టాల్సిందే. వాతావరణం మారి ముదురుతున్న తుఫాన్లకు, వానలకు చెరువులు పోగొట్టుకునే మాకు అది ఇంకా అవసరం. అయితే ఆ భారం ఎగుమతిదారు నుంచి దళారీకి, దళారీ నుంచి గట్టు మీది రైతుకు దిగి, కౌంటు రేటులో కోతగా మారకూడదు. తినేవారి బిల్లులోనే అది కనపడాలి. మన రైతు సంఘాలూ ఎగుమతిదారుల సంఘాలూ ఢిల్లీని ఈ మాట ఇప్పుడే గట్టిగా అడగాలి.