పని మారింది, పళ్ళెం మారలేదు

తెల్లవారగానే లేస్తాము. ముఖం కడుక్కోగానే చక్కెర వేసిన కాఫీయో, టీయో తాగుతాము. ఇడ్లీ, ఉప్మా ఏదో ఒకటి తిని బస్సో, బండో ఎక్కుతాము. పగలంతా కుర్చీలో పని. మధ్యాహ్నం క్యారేజీలో అన్నం. సాయంత్రం టీతో పాటు రెండు మిరపకాయ బజ్జీలు. రాత్రి తొమ్మిదిన్నరకు టీవీ ముందు మళ్ళీ అన్నం, ఆ వెంటనే పడక. మరునాడూ ఇదే వరుస.

ఇందులో తప్పేముంది? అందరూ ఇలాగే బతుకుతున్నారు కదా అని మీరు అనవచ్చు. ఇక్కడ ఒక్క సంగతి ఆలోచించండి. పదేళ్ళ క్రితం మీరు చేసిన పని ఇప్పుడు చేస్తున్నారా? అదే ఊరిలో ఉన్నారా? అదే వయస్సులో ఉన్నారా? జీవితం చాలా మారింది, దినచర్య మాత్రం అలాగే ఉండిపోయింది. షుగరు, బి.పి., గుండెజబ్బులు చాలామందిలో ఈ సందులోంచే లోపలికి వస్తున్నాయి.

అలవాటు మంచిదే, కానీ దానికి కళ్ళు లేవు

ప్రతి చిన్న పనికీ ఆలోచించవలసి వస్తే మనిషి అలసిపోతాడు. అందుకే ఒకే పనిని ఒకే సమయంలో, ఒకే చోట పదే పదే చేస్తే మెదడు దానిని అలవాటుగా మార్చేస్తుంది. చెప్పులు ఎక్కడ విడవాలో, ఏ వీధిలో తిరగాలో ఆలోచించకుండానే చేసేస్తాము. ఇది దేవుడిచ్చిన మంచి ఏర్పాటే.

అయితే అలవాటుకు మంచి చెడ్డలు తెలియవు. పొలంలో రోజంతా వంగి పనిచేసిన మనిషికి మూడు పూటలా నిండుగా అన్నం కావాలి. ఆ మనిషే కొన్నేళ్ళ తరువాత వాచ్‌మన్‌గానో, దుకాణదారుగానో, గుమాస్తాగానో కుర్చీలో కూర్చుంటే ఆ అన్నం అంత అవసరం లేదు. అయినా చెయ్యి అదే కొలతతో వడ్డిస్తుంది. ఖర్చుకాని శక్తి నడుము చుట్టూ కొవ్వుగా చేరుతుంది. నడుము చుట్టూ కొవ్వు పెరిగేకొద్దీ ఇన్సులిన్ సరిగా పనిచేయదు.

లండన్ బస్సులు చెప్పిన పాఠం

కూర్చుని చేసే పనికీ గుండెకూ సంబంధం ఉన్నదని 1953లో లండన్‌లో డాక్టర్ జెర్రీ మోరిస్, ఆయన తోటివారు చూపించారు. అప్పట్లో అక్కడి రెండంతస్తుల బస్సుల్లో డ్రైవరు రోజంతా కూర్చునే ఉండేవాడు. కండక్టరు టిక్కెట్ల కోసం రోజూ వందల మెట్లు ఎక్కి దిగేవాడు. ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే ఊరు. అయినా గుండెజబ్బు డ్రైవర్లలోనే ఎక్కువగా కనిపించింది.

మన దేశంలో ఈ మార్పు ఎంతదూరం వచ్చిందో భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023లో వెలువడిన సర్వే చెబుతోంది. 2021 నాటికి దేశంలో సుమారు 10 కోట్ల మందికి షుగరు ఉన్నదని, మరో 13 కోట్ల 60 లక్షల మంది షుగరుకు దగ్గరలో ఉన్నారని ఆ సర్వే అంచనా వేసింది. ఈ రెండవ లెక్కనే మనం జాగ్రత్తగా చూడాలి. వీరికి ఇంకా జబ్బు రాలేదు. వీరు వెనక్కి తిరగడానికి సమయం ఉన్నది.

మార్చుకుంటే నిజంగా ఫలితం ఉంటుందా?

ఉంటుంది. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం షుగరు వచ్చే దశకు దగ్గరగా ఉన్న 531 మందితో చేసిన పరిశోధన 2006లో వెలువడింది. కొందరికి మామూలు సలహా మాత్రమే ఇచ్చారు. మరికొందరిని రోజుకు అరగంట నడవమని, మెత్తని పిండి పదార్థాలు, తీపి, నూనె తగ్గించి పీచు ఉన్న ఆహారం పెంచమని చెప్పి, మధ్య మధ్య పలకరిస్తూ ప్రోత్సహించారు. మూడేళ్ళలో మొదటి గుంపులో 100కి 55 మందికి షుగరు వచ్చింది. అలవాట్లు మార్చుకున్న గుంపులో 100కి 39 మందికి వచ్చింది. మరో గుంపుకు మెట్‌ఫార్మిన్ మాత్ర ఇచ్చారు. వారిలోనూ సుమారుగా ఇంతే ఫలితం కనిపించింది. అంటే నడక, తిండిలో మార్పు ఒక మాత్ర చేసినంత పని చేశాయి. వారు మనలాగే అన్నం, సాంబారు తినేవారే, సంసారాలు ఉన్నవారే.

ఒక్కసారిగా కాదు, ఒక్కొక్కటిగా

జనవరి ఒకటవ తేదీన అన్నీ మారుస్తామని మొదలుపెట్టి పదవ తేదీకి మానేసేవారు చాలామంది. ఉన్న పనికి చిన్న మార్పును తగిలించండి. అది నిలుస్తుంది.

1. భోజనం తరువాత పది నిమిషాలు. న్యూజిలాండ్‌లో 41 మంది షుగరు రోగులపై జరిగిన ఒక పరిశీలన 2016లో వెలువడింది. రోజులో ఎప్పుడో ఒకసారి అరగంట నడవడం కంటే, మూడు పూటలా భోజనం తరువాత పదేసి నిమిషాలు నడిస్తే భోజనానంతర షుగరు ఇంకా తగ్గింది. రాత్రి భోజనం తరువాత ఆ తేడా మరీ ఎక్కువ. తినగానే టీవీ పెట్టే బదులు వీధి చివరిదాకా వెళ్ళి రండి. వర్షమైతే వరండాలో, డాబా మీద నడవండి.

2. అరగంటకొకసారి లేవండి. కుట్టుమిషను, కంప్యూటరు, దుకాణం గల్లా, ఏదైనా సరే. లేచి మంచినీళ్ళు తాగండి. ఫోను వస్తే నిలబడి మాట్లాడండి.

3. టీ లెక్క వేయండి. రోజుకు నాలుగు కప్పులు, కప్పుకు రెండు చెంచాల చక్కెర అంటే ఎనిమిది చెంచాలు, సుమారు 40 గ్రాములు. నెలకు ఒక మనిషి టీలోనే కిలోకు పైగా చక్కెర తాగుతున్నాడన్నమాట. వారానికి అర చెంచా చొప్పున తగ్గించండి. నాలుక తెలియకుండానే అలవాటు పడుతుంది. షుగరు ఉన్నవారు పూర్తిగా మానండి.

4. వడ్డించే వరుస మార్చండి. ముందు కూర, పప్పు, ఆకుకూర పళ్ళెంలో పెట్టండి. సగం పళ్ళెం కూరగాయలు, పావు పళ్ళెం పప్పు లేదా గుడ్డు లేదా చేప, మిగిలిన పావులో అన్నం లేదా జొన్నరొట్టె. అన్నం బదులు రాగి సంగటి తిన్నా కొలత కొలతే. మనకు కావలసిన శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 నాటి సూచనల్లో చెప్పింది. మన పళ్ళెంలో అది చాలా ఎక్కువ.

5. ఉప్పు డబ్బా బల్ల మీద పెట్టకండి. రోజుకు ఒక చెంచాకు లోపు, అంటే 5 గ్రాముల కంటే తక్కువ ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆవకాయ, అప్పడం, ఎండుచేపల్లోని ఉప్పు కూడా ఇందులో లెక్కే.

6. నిద్రకు ఒక సమయం. రాత్రిపూట పనిచేసేవారు, అమెరికాలోని పిల్లల ఫోను కోసం అర్ధరాత్రి దాకా మేలుకొనేవారు ఇప్పుడు చాలామంది. శరీరంలో ఒక గడియారం ఉన్నది. దాని లోపలి యంత్రాంగాన్ని కనుగొన్న ముగ్గురు శాస్త్రవేత్తలకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ గడియారాన్ని రోజూ తారుమారు చేస్తే బరువు, షుగరు పెరగడానికి అవకాశం ఎక్కువ. ఫోను వేళను పిల్లలతో మాట్లాడుకుని మార్చుకోండి.

పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు వేగంతో నడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే సరైన వేగం.

"నాకు తీరిక ఎక్కడిది?" అనే తల్లులకు

ఈ మాట స్త్రీల నోట ఎక్కువగా వింటాము. పిల్లలను బడికి పంపాలి, అత్తగారికి మందులివ్వాలి, నీళ్ళు పట్టాలి, తాను కూడా పనికి వెళ్ళాలి. ఇంటి వరుస ఒక్కరోజు ఆగితే ఇల్లంతా ఆగిపోతుందని భయం. అందుకే తన ఒంట్లో బాగోలేకపోతే "పరీక్షలయ్యాక చూపిద్దాం", "పెళ్ళి అయ్యాక చూపిద్దాం" అని వాయిదా వేస్తారు. ఈలోగా జబ్బు మాత్రం వాయిదా పడదు.

ఈ క్రింది వాటికి మాత్రం ఇంటి పని ఆపి రండి:

– రొమ్ములో గడ్డ. నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. క్యాన్సరు గడ్డకు మొదట్లో చాలాసార్లు నొప్పి ఉండదు.
– ముట్లు ఆగిపోయిన తరువాత మళ్ళీ రక్తస్రావం.
– రెండు మూడు వారాలైనా మానని నోటిపుండు, తగ్గని దగ్గు.
– కారణం లేకుండా బరువు తగ్గడం, అతిదాహం, అతిమూత్రం.
– ఛాతీలో బరువు, ఆయాసం, చల్లని చెమటలు, దవడకో వీపుకో పాకే నొప్పి. స్త్రీలలో గుండెపోటు ఛాతీనొప్పి లేకుండా ఆయాసంతో, నీరసంతో కూడా రావచ్చు. దీనికి రేపటిదాకా ఆగవద్దు. వెంటనే 108కి ఫోను చేయండి.

బి.పి., షుగరు ఏ బాధా లేకుండానే ఉండవచ్చు. అందుకే 30 ఏళ్ళు దాటిన వారందరికీ ఈ రెండింటికీ, నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకూ పరీక్షలు చేయాలని మన జాతీయ కార్యక్రమం చెబుతోంది. అయ్యలారా, మీ ఇంటి ఇల్లాలిని తీసుకురావడం మీ బాధ్యత. ఆ ఒక్కరోజు వంట మీరు చేస్తే ఇల్లేమీ మునిగిపోదు.

విడవకూడని వరుస

అన్నీ మార్చమని మేము చెప్పడం లేదు. మందు వేసుకునే వేళ మాత్రం మారకూడదు. "ఇప్పుడు బాగానే ఉంది" అని బి.పి. మాత్ర ఆపేసి, పక్షవాతంతో ఆసుపత్రికి వచ్చేవారు ఉన్నారు. బాగుండడానికి కారణం ఆ మాత్రే.

ఊరికి వెళ్ళినా, పెళ్ళికి వెళ్ళినా మందుల సంచి చేతి సంచిలోనే ఉండాలి. ఒక పూట మరచిపోతే, తరువాతి పూట రెండు కలిపి వేసుకోకండి. మీ డాక్టరుగారిని గాని నర్సుగారిని గాని అడగండి.

ఇన్సులిన్ లేక గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు వాడేవారు ఉన్నట్టుండి అన్నం బాగా తగ్గించి నడక పెంచితే షుగరు పడిపోవచ్చు. ముందుగా డాక్టరుగారికి చెప్పి మందు మోతాదు సరిచేయించుకోండి. నడిచేటప్పుడు వణుకు, చెమటలు, విపరీతమైన ఆకలి, కళ్ళు తిరగడం వస్తే ఆగి, మూడు చెంచాల చక్కెరో గ్లూకోజో నీళ్ళలో కలిపి తాగండి. పదిహేను నిమిషాల్లో తగ్గకపోతే మళ్ళీ తాగండి. స్పృహ తప్పినవారి నోట్లో ఏమీ పోయకండి, వెంటనే 108కి ఫోను చేసి ఆసుపత్రికి తీసుకురండి. పాదాలకు స్పర్శ తగ్గినవారు చెప్పులు, బూట్లు లేకుండా నడవవద్దు. గుండెజబ్బు ఉన్నవారు నడక మొదలుపెట్టే ముందు అడగాలి.

జీవితం మారిన రోజే మంచి రోజు

ఉద్యోగ విరమణ, ఇల్లు మారడం, పిల్లల పెళ్ళిళ్ళు, భార్యనో భర్తనో పోగొట్టుకోవడం – వీటిలో ఏది వచ్చినా పాత వరుస దానంతటదే తెగిపోతుంది. పల్లెలో పాలకేంద్రానికి, చెరువుగట్టుకు నడిచిన పెద్దాయన పట్నంలో కొడుకు అపార్టుమెంటుకు వస్తే లిఫ్టు, సోఫా, టీవీ మిగులుతాయి. మాట్లాడే మనిషి ఉండడు. నెలలు గడిచేసరికి మోకాళ్ళు బిగుసుకుంటాయి, మనస్సు దిగులు పడుతుంది. పిల్లలు పెద్దలను విశ్రాంతి పేరుతో కూర్చోబెట్టకండి. కూరగాయలు తెచ్చే పని, మనవడిని బడి బస్సు ఎక్కించే పని వారికి ఇవ్వండి. కొత్త వరుస మొదటి వారంలోనే మొదలుపెడితే సులువు.

ఎన్నాళ్ళు పడుతుంది?

ఇరవై ఒక్క రోజుల్లో అలవాటు పడుతుందని అంటుంటారు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో 96 మందిపై చేసి 2009లో వెలువరించిన పరిశోధనలో సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులు, కొందరికి 254 రోజుల దాకా పట్టవచ్చునని లెక్క తేలింది. కాబట్టి నెలలోపు కుదరలేదని మిమ్మల్ని మీరు నిందించుకోవద్దు. ఒకరోజు తప్పిపోయినా చేసినదంతా వృథా కాదని కూడా వారు చూశారు. ఆదివారం విందులో బిర్యానీ తిన్నారా? సోమవారం మళ్ళీ నడవండి, అంతే.

ఒంటరిగా కంటే తోడుతో మార్పు నిలుస్తుంది. భార్యాభర్తలు, ఇరుగుపొరుగు, గుడికి కలిసి వచ్చే రెండు మూడు కుటుంబాలు కలిసి నడవండి. రాకపోతే తలుపు తట్టే మనిషి ఒకరు ఉంటే చాలు.

ఈ రాత్రి భోజనం అయ్యాక టీవీ పెట్టకముందే చెప్పులు తొడుక్కోండి. పది నిమిషాలు చాలు. మీ ఇంట్లో 30 ఏళ్ళు దాటి, ఇంతవరకు బి.పి., షుగరు చూపించుకోనివారు ఎవరున్నారో ఆ నడకలోనే లెక్క వేయండి. వచ్చే వారం వారిని తీసుకుని ఓ.పి.కి రండి.