ఘాట్ రోడ్డులో నల్ల పొగా? పంపు తిప్పించకండి, గేరు తగ్గించండి

దుక్కులు, గానుగ పనులు అయిపోయాక ట్రాక్టరును ఖాళీగా ఉంచలేక చాలామంది రైతు సోదరులు కిరాయికి తిప్పుతారు. చోడవరం, మాడుగుల వైపు రైతులకు పాడేరు కిరాయి కొత్త కాదు. పైకి ఇటుక, సిమెంటు. కిందికి పసుపు, అల్లం. అయితే మైదానంలో గుర్రంలా లాగిన బండి మాడుగుల దాటి ఘాట్ రోడ్డు ఎక్కగానే రొప్పుతుంది. నల్ల పొగ కక్కుతుంది. కిందికి వచ్చాక షెడ్డుకు తీసుకెళితే, "పంపు కాస్త పెంచేస్తే సరిపోతుంది" అని సలహా వస్తుంది. ఆ మాట వినే ముందు ఇది చదవండి. ట్రాక్టరు వాయిదాలు ఇంకా తీరకముందే ఇంజన్ బోరుకు వస్తే ఆ నష్టం భరించాల్సింది మీరే.

గానుగ పొయ్యి లెక్కే

బెల్లం వండే పొయ్యిలో పిప్పి ఎక్కువ కుక్కితే ఏమవుతుంది? మంట పెరగదు. గాలి ఆడక పొగ కమ్ముతుంది. డీజిల్ ఇంజన్ కూడా అంతే. ఒక లీటరు డీజిల్ పూర్తిగా కాలాలంటే సుమారు 10 వేల లీటర్ల గాలి కావాలి. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది. పాడేరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. లంబసింగి ఇంకా ఎత్తు. అక్కడ గాలిలో దాదాపు పదో వంతు సత్తువ తగ్గుతుంది. అంటే టర్బో లేని 40 హార్స్ పవర్ ట్రాక్టరు అక్కడ 36 హార్స్ పవర్ బండిగా మారినట్టే.

అసలు భారం మాత్రం ఎగువ దారిదే. ట్రాక్టరు, తొట్టి, సరుకు కలిపి 7 టన్నులు అనుకోండి. పదిహేను అడుగులకు ఒక అడుగు లేచే దారిలో ఆ బరువు సుమారు 470 కిలోల బలంతో వెనక్కి గుంజుతుంది. మైదానంలో ఈ గుంజుడు ఉండదు. పని పెరిగిన చోటే గాలి తగ్గింది. అందుకే ఆ పొగ.

స్క్రూ తిప్పితే జరిగేది

పంపు మీద సీలు వేసిన స్క్రూ ఒకటి ఉంటుంది. ఇంజన్‌కు గరిష్టంగా ఎంత డీజిల్ వెళ్లాలో కంపెనీ దానితోనే కట్టడి చేస్తుంది. సీలు తెంచి ఆ స్క్రూ తిప్పితే డీజిల్ పెరుగుతుంది గాని గాలి పెరగదు. మొదట రెండు రోజులు బండి జోరుగా ఉన్నట్టు అనిపిస్తుంది. ఆ తర్వాత సైలెన్సర్ వైపు వేడి పెరిగి వాల్వులు, పిస్టన్ తలలు దెబ్బతింటాయి. కాలని డీజిల్ సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేసి కింద సంపులోకి దిగుతుంది. ఇంజన్ ఆయిల్ పలచబడుతుంది. రింగులు, బేరింగులు అరుగుతాయి. డీజిల్ ఖర్చు సరేసరి. వారంటీలో ఉన్న బండి అయితే సీలు తెగిన పంపును కంపెనీ ఒప్పుకోదు.

ముందు ఇవి చూసుకోండి

ఎయిర్ ఫిల్టర్: పలచని గాలి కూడా సరిగా అందకపోతే బండి ఏం లాగుతుంది? ఆయిల్ ఫిల్టర్ అయితే గిన్నెలో మడ్డి తీసి, గీత వరకే కొత్త ఆయిల్ పోయాలి. పొడి ఫిల్టర్ అయితే లోపలి నుంచి బయటికి మెల్లగా గాలి కొట్టాలి. చిరిగితే మార్చాల్సిందే.

నాజిళ్లు: డీజిల్ పొగమంచులా చిమ్మాలి, బొట్లుగా కారకూడదు. పంపు షాపులో మిషను మీద పెట్టి చూపించండి. పంపును కాలిబ్రేషన్ చేయించాల్సి వస్తే కంపెనీ లెక్క ప్రకారమే చేయమని గట్టిగా చెప్పండి.

టాపెట్లు, టైమింగ్: పుస్తకంలో ఇచ్చిన సందే ఉంచాలి. టైమింగ్ కూడా కంపెనీ గుర్తు మీదే ఉండాలి. మన కొండల ఎత్తుకు దాన్ని జరపనక్కర లేదు.

రేడియేటర్: 900 మీటర్ల ఎత్తున నీళ్లు సుమారు 97 డిగ్రీలకే మరుగుతాయి. రేడియేటర్ మూత లోపలి ఒత్తిడిని నిలబెట్టి నీళ్లు అంత తొందరగా మరగకుండా కాస్తుంది. అందుకే మూత రబ్బరు, స్ప్రింగు బాగుండాలి. ఫ్యాన్ బెల్టును బొటనవేలితో నొక్కితే అర అంగుళం కంటే పెద్దగా దిగకూడదు. ఇంజన్ వేడి మీద ఉండగా మూత తీయకండి.

ఇవన్నీ సరిచేశాక కూడా నిండు బరువుతో ఎక్కేటప్పుడు నల్ల పొగ వస్తే అది రోగం కాదు, బరువు ఎక్కువైందని ఇంజన్ చెబుతున్న మాట. నీలం పొగ వస్తే మాత్రం ఆయిల్ కాలుతున్నట్టు. వెంటనే మెకానిక్‌కు చూపించాలి.

ఎక్కేటప్పుడు

పోయిన సత్తువను గేరులో వెతకండి. ఒక గేరు తగ్గిస్తే బండి నెమ్మదిగా వెళుతుంది గాని అదే బరువును లాగుతుంది. ఘాట్ రోడ్డు మీద గంట పట్టే దారి, సత్తువ పదో వంతు తగ్గితే, గంటా ఏడు నిమిషాలు పడుతుంది. ఆ ఏడు నిమిషాల కోసం ఇంజన్ కాల్చుకోవాలా? ఎక్కువ ట్రాక్టర్లలో వాలు మధ్యలో గేరు మార్చడం కుదరదు. కాబట్టి ఎగువ మొదలు కాకముందే తక్కువ గేరు వేసుకోవాలి. తొట్టిని కింది డ్రాబార్‌కే తగిలించాలి. పైన తగిలిస్తే ముందు చక్రాలు లేచి బండి వెనక్కి తిరగబడుతుంది. ముందు చక్రాలు తేలుతున్నట్టు అనిపిస్తే సరుకు తగ్గించి రెండు ట్రిప్పులు వేయడమే క్షేమం.

దిగేటప్పుడు

ఎక్కడం కంటే దిగడం ప్రమాదం. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే, లేదా ఇంకా తక్కువ గేరులో దిగండి. డీజిల్ ఆదా అవుతుందని న్యూట్రల్ చేయకండి, క్లచ్ నొక్కి ఉంచకండి. చాలా తొట్లకు సొంత బ్రేకులు ఉండవు. వెనక బరువు తోసుకొస్తే మలుపులో తొట్టి ట్రాక్టరును అడ్డంగా తిప్పేస్తుంది. పొలంలో విడివిడిగా తొక్కే రెండు బ్రేకు పెడళ్లను రోడ్డు ఎక్కే ముందే కలిపి లాక్ చేయాలి. చక్రాల కింద పెట్టడానికి రెండు చెక్క దిమ్మలు వెంట ఉంచుకోండి. తొట్టిలో మనుషులను ఎక్కించుకోకండి.

కొత్త బళ్లకు

కంప్యూటర్‌తో నడిచే కొత్త పికప్ వ్యాన్లలో, పెద్ద ట్రాక్టర్లలో గాలి ఒత్తిడిని బట్టి ఇంజనే డీజిల్‌ను సర్దుకుంటుంది. టర్బో ఉంటే ఎత్తు ప్రభావం తక్కువ. చిప్పు మార్చి పికప్ పెంచుతామని ఎవరైనా అంటే, అది కూడా స్క్రూ తిప్పడం లాంటిదేనని గుర్తుంచుకోండి.

ఈసారి కిరాయి ఒప్పుకునే ముందు టన్నుల లెక్క ఒకసారి చూసుకోండి. మైదానంలో లాగే బరువును కొండ మీదికి ఒప్పుకోకండి. ట్రాక్టరు కిరాయికే కాదు, వచ్చే దుక్కులకూ కావాలి.